నాగావళి చేపలోకి హార్మోన్ కాలుష్యం ఎంత ఎక్కుతోందో కొలవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో జువాలజీయో ఫిషరీసో చదువుతూ, ప్రాజెక్టుకి "నీటి కాలుష్యం, చేపలు" అని టాపిక్ ఇచ్చేసి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చాలామంది చేసేది ఏంటంటే నదిలో ఒక సీసాడు నీళ్లు పట్టి, బజారులో రెండు చేపలు కొని, రెండూ ల్యాబుకి పంపి, వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి టేబుల్ గీసేస్తారు. దాంతో ఏమీ తేలదు. బజారులో దొరికే శీలావతి, బొచ్చె చాలావరకు పెంపకం చెరువుల నుంచి వచ్చినవే, వాటికి నాగావళితో సంబంధమే ఉండదు. ఇక ఆ సీసాలో నీళ్లు చెప్పేది మీరు ముంచిన ఆ నిమిషం సంగతి మాత్రమే.

చేప అంటే పడేసింది పడేసినట్టు దాచుకునే డబ్బా కాదు కదా. మొప్పల్లోంచి, తిండిలోంచి పదార్థం లోపలికి వస్తూ ఉంటుంది, కాలేయం దాన్ని మార్చి పిత్తంలోకి, మూత్రంలోకి తోసేస్తూ ఉంటుంది, మొప్పల్లోంచి కొంత తిరిగి నీళ్లలోకే పోతుంది. అందుకే మీరు పట్టుకోవాల్సినవి రెండు వేగాలు: ఎక్కే వేగం, దిగే వేగం. ప్రపంచమంతా వాడే పద్ధతి, ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక కూటమి రాసిన 305 నంబరు గైడ్‌లైన్, దీని మీదే నడుస్తుంది. దాన్ని మన ఊళ్లో, మన కాలేజీ ల్యాబులో చేసుకునే రీతిలో చెబుతాను.

ముందు ఒక్క పదార్థాన్నే ఎంచుకోండి

"హార్మోన్లన్నీ చూస్తాను" అని మొదలుపెడితే మధ్యలో ఆగిపోతారు. ఎస్ట్రోన్, ఎస్ట్రాడయోల్ అనే ఆడ హార్మోన్లు, అంటే ఈస్ట్రోజన్లు, మనుషుల మూత్రంలోంచీ పశువుల మూత్రంలోంచీ వస్తాయి, ఇథైనైల్ ఎస్ట్రాడయోల్ గర్భనిరోధక మాత్రల్లోది, నోనైల్‌ఫినాల్ కొన్ని రకాల డిటర్జెంట్లు నీళ్లలో విరిగినప్పుడు పుడుతుంది, బిస్ఫినాల్-ఏ ప్లాస్టిక్‌ది. చివరి రెండూ హార్మోన్లు కాకపోయినా చేప ఒంట్లో ఈస్ట్రోజన్‌లా పనిచేస్తాయి. వీటిలో ఇథైనైల్ ఎస్ట్రాడయోల్ అన్నిటికన్నా గట్టిది. కెనడాలో ఒక ప్రయోగ సరస్సులో 2001 నుంచి 2003 దాకా లీటరుకు 5, 6 నానోగ్రాములు ఉండేలా కలిపితే, మగ చేపలు ఆడ లక్షణాలకు మారి, అందులోని ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అంత తక్కువను కొలవడానికి ఖరీదైన మెషిన్, చేయి తిరిగిన మనిషి కావాలి. మొదటిసారి చేస్తున్నవాళ్లకి నా సలహా నోనైల్‌ఫినాల్. అది మైక్రోగ్రాముల్లో దొరుకుతుంది, చేపలో కొవ్వులోకి బాగా ఎక్కుతుంది, కొలవడం కాస్త సుళువు.

పదార్థం ఎంచుకున్నాక దాని లాగ్ కేఓడబ్ల్యూ అంకె చూసుకోండి. నీటికన్నా కొవ్వు అంటే దానికి ఎంత ఇష్టమో ఆ అంకె చెబుతుంది. 3 దాటితే చేపలో చేరే అవకాశం ఉందని అనుకోవచ్చు. దాన్ని 0.85తో గుణించి 0.70 తీసేస్తే చేపలో పేరుకునే నిష్పత్తికి లాగ్ విలువ అంచనాగా వస్తుంది. కానీ ఇది వట్టి అంచనా. బిస్ఫినాల్-ఏ కి ఈ లెక్కన 150 దాకా రావాలి, జపాన్‌లో బంగారుతీగ చేప మీద నిజంగా కొలిస్తే 70 కూడా దాటలేదు, ఎందుకంటే చేప దాన్ని చకచకా మార్చి బయటికి పంపేస్తుంది. కాగితం మీద లెక్కతో సరిపెట్టకుండా చేపను పెట్టి చూడాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

అనుమతి, కాలం, చేప

చేప కూడా ప్రాణే. కాలేజీలో జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకి ముందే అర్జీ పెట్టండి, చేపను చివర్లో ఏ పద్ధతిలో బాధ లేకుండా చంపుతారో అందులో రాయండి, ఆ పద్ధతినే చివరిదాకా అన్ని చేపలకీ వాడండి.

కాలం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. బంగారుతీగకి ప్రయోగంలో నీళ్లు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి, ప్రయోగం నడిచినన్నాళ్లూ 2 డిగ్రీలకి మించి అటూఇటూ పోకూడదు. ఏసీ లేని గదిలో ఏప్రిల్, మే నెలల్లో ఇది అసాధ్యం. నవంబరు చివర్లో మొదలుపెట్టి ఫిబ్రవరిలోపు ముగించేలా ప్లాన్ వేసుకోండి, కరెంటు బిల్లూ తగ్గుతుంది, చేపలూ బతుకుతాయి.

చేప ఏది? బంగారుతీగ పిల్లలు తీసుకోండి. గైడ్‌లైన్ ఒప్పుకునే జాతి, మన దగ్గర హేచరీల్లో సులువుగా దొరికే జాతి. 4 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, సుమారు 2 గ్రాముల పిల్లలైతే తొట్టి చిన్నదైనా సరిపోతుంది. తిలాపియా మాత్రం వద్దు. పెంపకానికి అమ్మే తిలాపియా పిల్లల్ని అన్నీ మగవి అయ్యేలా చేయడానికి మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెట్టడం మామూలే. హార్మోన్ ప్రయోగానికి హార్మోన్ తిన్న చేపను తెస్తే ఇంకేముంది. ఏ హేచరీలో కొన్నా తల్లి చేపలకి ఏం ఇంజెక్షన్ ఇచ్చారు, పిల్లలకి ఏం పెట్టారు అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.

తెచ్చాక 48 గంటలు వదిలేయండి, తర్వాత వారం రోజులు చావులు లెక్కపెట్టండి. వందకి 10 మించి చస్తే ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేయాలి. 5 నుంచి 10 మధ్య ఉంటే ఇంకో వారం చూడాలి. 5 లోపు ఉంటే సరే. మొత్తం మీద రెండు వారాలైనా మీ నీళ్లకి, మీ మేతకి అలవాటు పడనివ్వాలి.

మేత, తొట్టి, నీళ్లు

మేత దగ్గర ఒక పెద్ద గోతి ఉంది. బజారులో దొరికే గుళికల మేతలో చాలావాటిలో సోయా ఉంటుంది, సోయాలో సహజంగానే ఈస్ట్రోజన్‌లా పనిచేసే పదార్థాలు ఉంటాయి. మీ కంట్రోల్ చేపలో, అంటే పదార్థం కలపని తొట్టిలోని చేపలో కూడా హార్మోన్ లక్షణాలు కనిపిస్తే, నీళ్లలో ఏముందా అని తల పట్టుకునేలోపు మేత బస్తా మీద ఏం రాశారో చదవండి. తవుడు, వేరుశనగ చెక్క, ఎండు చేప పొడితో మీరే కలుపుకోవడం మేలు. రోజుకి చేప బరువులో 1 నుంచి 2 శాతం చాలు. పెట్టిన అరగంట, గంటలోపు మిగిలిన మేతనీ రెట్టనీ సైఫన్‌తో తీసేయాలి, లేకపోతే పదార్థం వాటికి అంటుకుని నీళ్లలో తగ్గిపోతుంది.

తొట్టి గాజుదే. ప్లాస్టిక్ టబ్బు చవకని తెస్తే రెండు రకాలుగా నష్టం, ప్లాస్టిక్‌లోంచి కొన్ని పదార్థాలు నీళ్లలోకి దిగుతాయి, మీరు కలిపింది ప్లాస్టిక్ గోడకి అంటుకుంటుంది. ఏరేటర్ గొట్టం కూడా మామూలు పీవీసీది కాకుండా టెఫ్లాన్‌ది దొరికితే అది పెట్టండి.

ఎన్ని చేపలు? ఎక్కే దశలో 1, 2, 4, 7, 14, 28 రోజుల్లో, దిగే దశలో 1, 3, 7, 14 రోజుల్లో తీస్తారనుకుందాం. మొత్తం పదిసార్లు, ప్రతిసారీ నాలుగు చేపలు, అంటే 40, పైన ఓ ఐదు. రెండేసి గ్రాముల చేపలు 45 అంటే 90 గ్రాములు. గ్రాము చేపకి రోజుకి కనీసం లీటరు కొత్త నీళ్లు కావాలి, అంటే 100 లీటర్ల తొట్టి, రోజూ పూర్తిగా నీళ్లు మార్చడం. పక్కనే ఇంకో తొట్టి, అదే నీళ్లు, అదే మేత, అదే సంఖ్యలో చేపలు, పదార్థం మాత్రం ఉండదు. పదార్థాన్ని అసిటోన్‌లోనో మిథనాల్‌లోనో కరిగించి కలిపితే కంట్రోల్ తొట్టిలో కూడా అంతే అసిటోన్ పోయాలి, అది లీటరుకు 0.1 మిల్లీలీటరు దాటకూడదు.

బోరు నీళ్లయితే రాత్రంతా గాలి కొట్టి, బొగ్గు ఫిల్టర్‌లోంచి పంపి వాడండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయిందని టెస్ట్ చేశాకే. కరిగిన ఆక్సిజన్ ఆ నీళ్లు పట్టగలిగినదాంట్లో 60 శాతానికి పైన, పీహెచ్ 6 నుంచి 8.5 మధ్య. ఇవి రోజూ చూడాలి, "నిన్న బాగానే ఉంది" అని వదలకూడదు.

ఎక్కే దశ

నీళ్లలో ఎంత కలపాలి? ఆ పదార్థం నాలుగు రోజుల్లో సగం చేపల్ని చంపే మోతాదులో నూరో వంతు దాటకూడదు. రెండు మోతాదులు పెట్టగలిగితే మంచిది, లేకపోతే ఒక్కటే శ్రద్ధగా చేయండి.

ఇక్కడ అసలు కష్టం మోతాదు నిలబెట్టడం. పొద్దున కలిపింది సాయంత్రానికి తగ్గిపోతుంది, కొంత గాజుకి అంటుతుంది, కొంత బ్యాక్టీరియా తినేస్తుంది, కొంత చేపే తాగేస్తుంది. సగటుకి 20 శాతం లోపలే అటూఇటూ ఉండాలి. అందుకని నీళ్లు మార్చే ముందు ఒక శాంపిల్, మార్చాక ఒక శాంపిల్ తీయండి. తేడా ఎక్కువుంటే రోజుకి రెండుసార్లు మార్చండి. మీరు కలిపిన లెక్కతో ఎప్పుడూ భాగించకండి, కొలిచిన లెక్కతోనే భాగించాలి. రిపోర్టుల్లో నేను మొదట వెతికేది ఈ ఒక్క సంగతే.

చేపను తీసినప్పుడు శుభ్రమైన నీళ్లలో ఒక్కసారి ముంచి, ఫిల్టర్ పేపరు మీద తడి అద్ది, బాధ లేకుండా చంపి, బరువు, పొడవు రాసుకుని, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి మైనస్ 20లో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో వద్దు. ఆ రోజు చేతికి క్రీము, సెంటు రాసుకోకండి. వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ నోనైల్‌ఫినాల్, బిస్ఫినాల్-ఏ లాంటివి సబ్బుల్లోంచీ రసీదు కాగితాల్లోంచీ కూడా వేళ్లకి అంటుతాయి, వేళ్ల నుంచి శాంపిల్‌కి అంటుతాయి.

కనీసం రెండేసి రోజుల తేడాతో తీసిన మూడు వరస శాంపిళ్లలో చేపలోని మోతాదు 20 శాతం తేడాలోపే ఉంటే అది స్థిరపడినట్టు. అలా స్థిరపడినట్టు చూపించగలిగితే 28 రోజులకి ముందే ఆపచ్చు. నోనైల్‌ఫినాల్ లాంటి వాటికి వారం పది రోజుల్లోనే స్థిరపడే అవకాశం ఎక్కువ, అందుకే మొదటి వారంలోనే శాంపిళ్లు దగ్గర దగ్గరగా పెట్టమన్నాను. మొదటి శాంపిల్ ఏడో రోజున తీస్తే ఎక్కే వాలు మొత్తం మీ చేతిలోంచి జారిపోతుంది.

దిగే దశ

మిగిలిన చేపల్ని కొత్త తొట్టిలోకి, శుభ్రమైన నీళ్లలోకి మార్చండి. పాత తొట్టినే కడిగి వాడితే గాజుకి అంటినది మళ్లీ నీళ్లలోకి వస్తుంది. మేత, ఉష్ణోగ్రత అన్నీ మునుపటిలాగే. 14 రోజులు చాలు సాధారణంగా. ప్రాజెక్టు గడువు దగ్గరపడిందని చాలామంది ఈ దశ ఎగ్గొడతారు, దయచేసి ఎగ్గొట్టకండి. ఊళ్లో మురుగు ఆపితే నదిలో చేప ఎన్నాళ్లకి కోలుకుంటుంది అనే ప్రశ్నకి జవాబు ఈ దశలోనే ఉంటుంది, జనానికి నిజంగా పనికొచ్చే జవాబు కూడా అదే.

రెండు దశల్లోనూ, రెండు తొట్లలోనూ చావులు, జబ్బు పడ్డవి కలిపి 10 శాతం లోపు ఉండాలి. దాటితే ఆ ప్రయోగం చెల్లదు.

లోపల ఎంత ఉందో తీయడం

నీళ్లయితే అంబర్ గాజు సీసాలో లీటరు, ముందే మిథనాల్‌తో కడిగిన సీసా. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌లోంచి వడగట్టి, సాలిడ్ ఫేజ్ కార్ట్‌రిడ్జ్‌లోంచి (పదార్థాన్ని పట్టుకునే పొడి నింపిన చిన్న గొట్టం) మెల్లగా పంపి, పదార్థాన్ని దానికి పట్టించాలి. మన దగ్గర నుంచి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్, అంటే అతి తక్కువ మోతాదుల్ని కూడా విడదీసి కొలిచే మెషిన్, ఉన్న ల్యాబు అంటే విశాఖ దాకా వెళ్లాల్సి రావచ్చు. లీటర్ల కొద్దీ నీళ్లు బస్సులో మోయడం కన్నా కాలేజీలోనే కార్ట్‌రిడ్జ్ దాకా చేసేసి, వాటిని ఫాయిల్‌లో చుట్టి ఐసు పెట్టెలో పట్టుకెళ్లడం తేలిక, నమ్మకం కూడా. నీళ్లు పట్టాక 48 గంటల్లోపు ఈ పని అయిపోవాలి, అప్పటిదాకా చీకట్లో, 4 డిగ్రీల్లో ఉంచాలి.

చేపనైతే నీళ్లు తీసేసిన సోడియం సల్ఫేట్‌తో మెత్తగా నూరి, ఎసిటోనైట్రైల్‌తో పదార్థాన్ని లాగి, కొవ్వు వడగట్టాలి. నూరే ముందే డ్యూటీరియం (బరువు హైడ్రోజన్) తగిలించిన అదే పదార్థాన్ని తెలిసినంత కలపండి. చివర్లో అందులో ఎంత తిరిగి దొరికిందో చూస్తే మధ్యలో ఎంత పోయిందో తెలుస్తుంది. 70 నుంచి 120 శాతం మధ్య వస్తే ఫరవాలేదు. ప్రతి బ్యాచ్‌లో చేప లేని ఖాళీ శాంపిల్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా నడపాలి. ఖాళీలో కూడా నోనైల్‌ఫినాల్ వస్తోందంటే అది చేపది కాదు, మీ గాజుసామాను మీదదో మీ సాల్వెంటులోదో.

కొవ్వు శాతం విడిగా కొలవడం మర్చిపోకండి, లెక్కలో అవసరం పడుతుంది.

ఈస్ట్రోజన్ల మీద పనిచేసేవాళ్లు పిత్తం కూడా తీయండి. 1999లో అచ్చయిన ఒక అధ్యయనంలో, స్వీడన్‌లో ఒక మురుగు శుద్ధి కేంద్రం దిగువన పెట్టిన చేపల పిత్తంలో ఈస్ట్రోజన్లు నీటికన్నా 10 వేల నుంచి 10 లక్షల రెట్లు కనిపించాయి. అక్కడ అవి వేరే అణువులతో జతకట్టి ఉంటాయి, గ్లూక్యురోనిడేజ్ ఎంజైముతో విడగొట్టాకే కొలవాలి. కండ ఒక్కటే చూసి "ఏమీ లేదు" అని రాసేస్తే సగం కథ పోయినట్టే.

లెక్క

దిగే దశలో చేపలోని మోతాదుకి సహజ లాగ్ తీసి రోజులకి ఎదురుగా గీయండి. ఆ గీత వాలే దిగే వేగం, కే2. ఉదాహరణకి అది రోజుకి 0.20 వచ్చిందనుకుందాం. కానీ ఆ రోజుల్లో చేప పెరిగింది కూడా, ఒళ్లు పెరిగితే ఉన్న పదార్థమే పలచబడుతుంది, మనకి అది దిగినట్టు కనిపిస్తుంది. చేప బరువుకి కూడా లాగ్ తీసి వాలు చూస్తే 0.02 వచ్చిందనుకోండి, తీసేస్తే నిజంగా దిగిన వేగం 0.18. సగం దిగడానికి 0.693ని 0.18తో భాగిస్తే దాదాపు 3.9 రోజులు.

ఎక్కే వేగం, కే1, ఎక్కే దశ అంకెలకి గీత అమర్చితే ఎక్సెల్ సాల్వర్‌లోనే వస్తుంది. అది 60 అనుకుంటే, 60ని 0.18తో భాగిస్తే 333. ఇదే బీసీఎఫ్, అంటే నీటికన్నా చేపలో ఎన్ని రెట్లు అన్నది. మీ చేపలో కొవ్వు 3 శాతమే ఉంటే, వేరే చోట చేసినవాళ్ల అంకెలతో పోల్చడానికి 5 శాతం కొవ్వుకి మార్చాలి: 333ని 5తో గుణించి 3తో భాగిస్తే 555. యూరప్ చట్టంలో 2000 దాటితేనే "పేరుకునే పదార్థం" అంటారు. దానికన్నా తక్కువ వస్తే ప్రమాదం లేదని అర్థం కాదు, హార్మోన్ పదార్థం చేప ఒంట్లో కొద్దిగా ఉన్నా పని చేసేస్తుంది.

అది పని చేస్తోందా లేదా అన్నది చూడటానికి విటెల్లోజెనిన్ కొలవండి. గుడ్డులో సొనకి కావాల్సిన ప్రొటీన్ అది, ఆడ చేప కాలేయంలో తయారవుతుంది. మగ చేపలోనూ పిల్ల చేపలోనూ ఆ జన్యువు ఉంటుంది గానీ ఈస్ట్రోజన్ తగిలితే తప్ప పెద్దగా పని చేయదు. బంగారుతీగకి ఎలైజా పద్ధతి (యాంటీబాడీలతో ప్రొటీన్‌ని కొలిచే పరీక్ష) ఉంది. పేరుకున్న మోతాదు పక్కన ఈ అంకె పెట్టి చూపిస్తే మీ రిపోర్టుకి బలం వస్తుంది.

నదిలోకి వెళ్లాలంటే

ల్యాబులో రెండు వేగాలు చేతికొచ్చాక నదికి వెళ్లండి, ముందు కాదు. నది చేప ఎక్కడెక్కడ తిరిగిందో మనకి తెలియదు, కాబట్టి ఎదిగిన మగ బంగారుతీగల్ని స్టీలు వల పంజరాల్లో పెట్టి మూడు నాలుగు వారాలు ఉంచాలి. నాగావళి మీదైతే నారాయణపురం ఆనకట్ట దిగువన, శ్రీకాకుళం టౌను రాకముందు ఒకటి, టౌను మురుగు కలిశాక ఇంకొకటి. మరీ కిందికి, కళ్లేపల్లి వైపు సముద్రపు పోటు తగిలే చోటికి వెళ్లకండి, ఉప్పు మారితే చేప ఒళ్లే మారుతుంది. విజయనగరం వైపువాళ్లు చంపావతి మీద నెల్లిమర్ల ఎగువ, దిగువ చూసుకోవచ్చు. ఎగువ చోటు పూర్తిగా శుభ్రం అనుకోవద్దు, పైనున్న ఊళ్లలో గేదెల్ని కడిగే రేవులుంటాయి, పశువుల ఈస్ట్రోజన్ అక్కడా ఉంటుంది. అందుకే ల్యాబు కంట్రోల్ చేప మూడో పోలికగా ఉండాలి.

ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నది పొంగుతుంది, అక్టోబరులో తుఫాన్ల భయం, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11నే. డిసెంబరు నుంచి మార్చి దాకా నీళ్లు తక్కువ, మురుగు వాటా ఎక్కువ, అదే సరైన కాలం. మత్స్యశాఖకి ఒక లెటరు, అక్కడి మత్స్యకారుల సహకార సంఘం పెద్దలకి ఎదురుగా కూర్చుని ఒక మాట, రెండూ కావాలి. వాళ్లు ఒప్పుకుంటే పంజరం భద్రంగా ఉంటుంది, ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో ఏ గెడ్డ ఎక్కడ కలుస్తుందో వాళ్లకన్నా బాగా ఎవరికీ తెలియదు.

నదిలో వచ్చే నిష్పత్తిని బీసీఎఫ్ అనకండి, అక్కడ తిండి ద్వారా వచ్చింది కూడా కలిసి ఉంటుంది, దాన్ని బీఏఎఫ్ అంటారు. నీళ్లని వారానికి ఒక్కసారైనా, ఒకే వేళకి కాకుండా వేర్వేరు వేళల్లో పట్టండి.

రిజల్టు వచ్చాక సంఘం వాళ్లకి చెప్పి తీరాలి, వాళ్ల నదీ వాళ్ల తిండీ అది. చెప్పేటప్పుడు కండ అంకె వేరు, కాలేయం, పిత్తం అంకెలు వేరు అని విడదీసి చెప్పండి, జనం తినేది కండ. ఒక్క సీజన్ అంకెలతో ఫలానా చోటి నుంచే వచ్చిందని వేలు చూపించకండి, రెండో ఏడాది కూడా అదే చోట అదే తేడా వస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

చివరగా తొట్టిలో నీళ్లు. కలిపిన నీళ్లని కాలువలో పోయకండి. యాక్టివేటెడ్ బొగ్గు నింపిన గొట్టంలోంచి మెల్లగా పంపి, బయటికి వచ్చిన నీళ్లని ఒకసారి కొలిచి, అప్పుడు వదలండి. ఆ బొగ్గుని, ప్రయోగం చేపల్ని బయోమెడికల్ వ్యర్థాలు కాల్చే చోటికి పంపాలి. హార్మోన్ పొడి తూచేటప్పుడు గ్లవ్స్, మాస్కు తప్పనిసరి, గర్భంతో ఉన్నవాళ్ల చేత ఆ పని చేయించకండి.